విశాఖ బీఏ నుంచి పెన్ స్టేట్ అధ్యక్ష పదవి దాకా

ఈ నెల పాఠం: నాయకత్వం



టెన్త్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ. ఎంపీసీనా, బైపీసీనా? ఖమ్మంలోనే ఉంచాలా, విజయవాడ పంపాలా, హైదరాబాద్ హాస్టల్లో వేయాలా? చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి భద్రాచలం వచ్చి చదువుకుంటున్న పిల్లల ఇళ్లలో ఇంకో మాట కూడా వినిపిస్తుంది: "ఆడపిల్లను అంత దూరం పంపడం అవసరమా?" పేరెంట్స్ మీటింగ్‌లో మాకు ఎదురయ్యే ప్రశ్నలూ ఇవే. వాటితో పాటు ఇంకొకటి తప్పకుండా ఉంటుంది: "మ్యాథ్స్ సార్ వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటారా?"

ఈ ప్రశ్నలన్నిటితో సంబంధం ఉన్న ఒక జీవితాన్ని ఈ నెల చదువుదాం. ఆమె పేరు నీలి బెండపూడి. పుట్టింది విశాఖపట్నంలో. 2022 మే 9న అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి అధ్యక్షురాలిగా బాధ్యత తీసుకున్నారు. అందరూ దాన్ని పెన్ స్టేట్ అంటారు. 1855లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి ఆమె 19వ అధ్యక్షురాలు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ, శ్వేతజాతికి చెందని మొదటి వ్యక్తి కూడా ఆమే.

ఇది కేవలం గెలుపు కథ కాదు. ఆమె తీసుకున్న ఒక నిర్ణయాన్ని ఎంతోమంది తప్పుపట్టారు. దాని గురించి కూడా చదువుదాం. ఎందుకంటే నాయకత్వం గురించి నేర్చుకోవలసింది అక్కడే ఎక్కువ ఉంది.

అధ్యక్షురాలు అంటే ఎవరు?

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రోజువారీ పాలన చూసేది వైస్ చాన్స్‌లర్. అమెరికాలో దాదాపు ఆ స్థానంలో ఉండేవారిని ప్రెసిడెంట్, అంటే అధ్యక్షులు అంటారు. కానీ పని ఇంకా ఎక్కువ. చదువు, పరీక్షలు, అధ్యాపకుల నియామకాలతో పాటు బడ్జెట్, విరాళాలు, హాస్టళ్లు, క్రీడా జట్లు, కొన్ని చోట్ల ఆస్పత్రులు కూడా వాళ్ల బాధ్యతే. వాళ్లను నియమించేది ట్రస్టీల బోర్డు. లెక్క చెప్పవలసింది కూడా ఆ బోర్డుకే. పెన్ స్టేట్‌లో 80 వేలకు పైగా విద్యార్థులు ఉన్నారు. రాష్ట్రమంతటా 20కి పైగా క్యాంపస్‌లు ఉన్నాయి. ఒక చిన్న పట్టణాన్ని నడిపినంత పని అనుకోండి.

చదివింది ఇంగ్లిష్ బీఏ

నీలి గారికి ఐదేళ్ల వయసులో తండ్రి ఇంగ్లిష్ సాహిత్యంలో డాక్టరేట్ కోసం అమెరికాలోని కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లారు. తల్లి, ముగ్గురు ఆడపిల్లలు ఇక్కడే ఉండిపోయారు. వాట్సాప్ వీడియో కాల్స్ లేని కాలం అది. భర్త దూరదేశంలో చదువుకుంటుంటే ముగ్గురు ఆడపిల్లల్ని పెంచడం ఎంత బరువో మన ఊళ్లలో గల్ఫ్‌కు, అమెరికాకు మనుషుల్ని పంపిన కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు.

పెద్దయ్యాక ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్‌తో బీఏ, ఆ తరవాత ఎంబీఏ చేశారు. 1986లో అమెరికా వెళ్లారు. తండ్రి చదివిన కాన్సస్ యూనివర్సిటీలోనే చేరి, 1995లో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎంపీసీ కాదు, బైపీసీ కాదు. ఇంజినీరింగ్ కాదు, మెడిసిన్ కాదు. ఇంటర్‌లో "ఆర్ట్స్ గ్రూప్ తీసుకుంటాను" అని అమ్మాయి అడిగితే మన ఇళ్లలో భోజనాలు కూడా సరిగ్గా సాగవు. ఆర్ట్స్ చదివిన ప్రతి ఒక్కరూ యూనివర్సిటీ అధ్యక్షులు అవుతారని మేము అనడం లేదు. ఎంపీసీ చదివిన ప్రతి ఒక్కరూ ఐఐటీకి వెళ్లరు కదా, అదే లెక్క. పిల్లకు భాష మీద ఇష్టం ఉంటే ఆ ఇష్టాన్ని లోటుగా చూడవద్దన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న మాట. బాగా చదవడం, బాగా రాయడం, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం చేతనైన మనిషికి ఏ పదవిలోనైనా అవి పనికొస్తాయి.

మ్యాథ్స్ సార్ వెళ్లిపోతే?

పీహెచ్‌డీ తరవాత ఆమె టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో, ఆ తరవాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. ఆమె పరిశోధన సేవారంగం మీద. బ్యాంకు, ఆస్పత్రి, బడి లాంటి చోట్ల మనం డబ్బు కట్టి కొనేది చేతికి అందే వస్తువు కాదు. అలాంటప్పుడు జనం దేన్ని చూసి నమ్ముతారు? ఆమె ఎన్నో ఏళ్లు వెతికిన ప్రశ్న ఇది. ఆ పరిశోధనల్లో మూడు మనకు నేరుగా పనికొచ్చేవి ఉన్నాయి.

మొదటిది, రాబర్ట్ లియోన్ అనే ప్రొఫెసర్‌తో కలిసి చేసింది. 2001, 2002 సంవత్సరాల్లో అచ్చయింది. ఒక కంపెనీలో ఖాతాదారులకు బాగా నచ్చిన ఉద్యోగి మానేస్తే ఏమవుతుంది? ఖాతాదారులకు భయం పట్టుకుంటుంది. వాళ్ల నమ్మకం కంపెనీ మీద కంటే ఆ మనిషి మీద ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆయన వెంట వాళ్లు కూడా వెళ్లిపోవచ్చు. తెలివైన సంస్థ ఆయన వెళ్లేదాకా ఆగదు. ఖాతాదారులకు ఒక్కరే కాకుండా పలువురు పరిచయం అయ్యేలా ముందునుంచే చూస్తుంది. కొత్తగా వచ్చేవారిని పాతవారు ఉండగానే పరిచయం చేస్తుంది.

ఖమ్మంలో ఇది మనకు కొత్త విషయమా? మంచి ఫిజిక్స్ సార్ ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే ఆయన వెనకాల పాతిక మంది పిల్లలు మారిన సందర్భాలు మీకు తెలిసే ఉంటాయి. తప్పు ఆ తల్లిదండ్రులది కాదు. సార్ వెళ్లాక ఆ పాఠం ఎవరు చెబుతారో, ఎలా చెబుతారో సంస్థ వాళ్లకు ముందుగా చెప్పకపోతే వాళ్లకు తెలిసిన ఆధారం ఆ సార్ ఒక్కరే.

కనిపించేది, కనిపించనిది

రెండోది మేయో క్లినిక్ మీద చేసిన అధ్యయనం. మేయో క్లినిక్ అమెరికాలో పేరున్న ఆస్పత్రి. లియోనార్డ్ బెర్రీతో కలిసి ఆమె రాసిన ఆ వ్యాసం 2003లో వచ్చింది. డాక్టరు చేసిన వైద్యం సరైనదో కాదో రోగికి తెలియదు. అందుకే రోగి తెలియకుండానే గుర్తుల కోసం వెతుకుతాడు. గది శుభ్రంగా ఉందా, డాక్టరు చెప్పేది వింటున్నారా, సిబ్బంది ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారు, ఇవే ఆ గుర్తులు. మేయో వాళ్లు వీటిని వదిలేయకుండా జాగ్రత్తగా చూసుకుంటారు. పైపై మెరుగులతో ఆగరు కూడా. అక్కడి డాక్టర్లకు నెల జీతమే తప్ప ఎన్ని టెస్టులు రాస్తే అంత ఆదాయం అనే పద్ధతి లేదు. పైకి కనిపించే మర్యాదకు లోపలి ఏర్పాటు తోడుగా ఉంది.

బడి విషయంలో కూడా ఇంతే. క్లాసులో నలభై నిమిషాలు ఏం జరిగిందో మీరు చూడలేరు. అందుకే బిల్డింగ్ చూస్తారు, బస్సు చూస్తారు, ఏసీ చూస్తారు, ఫ్లెక్సీ మీద ర్యాంకులు చూస్తారు. మేమూ ఒప్పుకోవాలి, మాలాంటి సంస్థలు వాటినే ముందు చూపిస్తాయి. కానీ మీ అబ్బాయి నోట్సు ఎవరైనా దిద్దారా, తప్పు ఎక్కడ జరిగిందో పక్కన రాశారా అన్నది అంతకంటే మంచి గుర్తు. ఖర్చు లేకుండా ఇంట్లోనే చూడవచ్చు.

మూడోది 2006లో అచ్చయింది. మంచి డాక్టరు ఎలా ఉండాలని 192 మంది రోగులను అడిగారు. వాళ్ల మాటల్లోంచి ఏడు లక్షణాలు తేలాయి: తన పని మీద ధీమా, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, దయ, కేసుగా కాకుండా మనిషిగా పలకరించడం, ఉన్నది ఉన్నట్టు సూటిగా చెప్పడం, గౌరవం, పనిని పూర్తిగా శ్రద్ధగా చేయడం. "డాక్టరు" అన్న మాట తీసి "టీచరు" అని పెట్టి ఈ జాబితా మళ్లీ చదవండి. ఒక్క లక్షణం కూడా మార్చనక్కర్లేదు.

ఈ ఏడింటిలో సూటిగా చెప్పడం అన్నదాన్ని గుర్తుంచుకోండి. ఆమెకే అది పరీక్షగా వచ్చింది.

మెట్టు మెట్టుగా

ఒహాయోలో ఉన్నప్పుడు ఆమె కొంతకాలం హంటింగ్టన్ నేషనల్ బ్యాంక్‌లో ఖాతాదారుల వ్యవహారాలు చూసే ఉన్నతాధికారిగా పనిచేశారు. మళ్లీ యూనివర్సిటీకి వచ్చారు. 2011లో తాను చదివిన కాన్సస్ యూనివర్సిటీలోనే బిజినెస్ స్కూల్ డీన్, 2016లో అక్కడే ప్రొవోస్ట్ అయ్యారు. చదువుల వ్యవహారాలన్నిటికీ పెద్ద బాధ్యత అది. అమెరికాకు వెళ్లిన ముప్పై రెండేళ్లకు, 2018లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ యూనివర్సిటీ అధ్యక్షురాలు అయ్యారు.

ఆ సమయానికి లూయీవిల్ పరువు బాగా దెబ్బతిని ఉంది. అంతకు ముందు అధ్యక్షుడు 2016లో తప్పుకున్నారు. విరాళాలు చూసే ఫౌండేషన్ లెక్కల మీద విమర్శలు వచ్చాయి. బాస్కెట్‌బాల్ జట్టు 2013లో గెలిచిన జాతీయ టైటిల్‌ను నిబంధనల ఉల్లంఘన వల్ల 2018 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు. ఇంటి పరువు పోయాక పెద్ద కోడలిగా అడుగుపెట్టినట్టు ఉంటుంది అలాంటి పదవి.

ఆమె చేరిన రెండు నెలలకే ఒక పరీక్ష వచ్చింది. యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియానికి పాపా జాన్స్ అనే పిజ్జా కంపెనీ పేరు ఉండేది. ఆ కంపెనీ వ్యవస్థాపకుడు ఒక ఫోన్ సమావేశంలో నల్లజాతివారిని కించపరిచే మాట వాడినట్టు 2018 జులైలో బయటికి వచ్చింది. ఆయన పెద్ద దాత. కొద్ది రోజుల్లోనే ఆమె స్టేడియం పేరు మారుస్తున్నట్టు ప్రకటించారు. దాత ముఖ్యమా, ఆ మాట విని నొచ్చుకున్న విద్యార్థులు ముఖ్యమా అన్న ప్రశ్నకు అదే ఆమె జవాబు. మరుసటి ఏడాది, ఆ నగరంలో నష్టాల్లో ఉన్న జ్యూయిష్ హాస్పిటల్‌ను, దానితో ఉన్న మరికొన్ని ఆస్పత్రులను యూనివర్సిటీ తన చేతుల్లోకి తీసుకుంది. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న సంస్థ ఇంకో బరువు ఎత్తుకోవడమే అది. కానీ వైద్య విద్యార్థులు నేర్చుకునేది, పేషెంట్లు వచ్చేది అలాంటి ఆస్పత్రులకే.

ఏడు క్యాంపస్‌ల కథ

పెన్ స్టేట్‌కు వచ్చేసరికి బడ్జెట్‌లో దాదాపు 14 కోట్ల డాలర్ల లోటు ఉంది. కొత్త నియామకాలు ఆపి, 2025 నాటికి ఆదాయం, ఖర్చు సరిపోవాలని లక్ష్యం పెట్టుకున్నారు. అసలు కష్టం చిన్న క్యాంపస్‌ల దగ్గర వచ్చింది.

పెన్సిల్వేనియాలో చిన్న పట్టణాల్లో ఉన్న ఆ క్యాంపస్‌లు చాలామందికి ఇంటి పక్క కాలేజీలు. వాళ్ల ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, పని చేసుకుంటూ చదివేవాళ్లు అక్కడ చేరేవారు. కానీ ఆ ప్రాంతాల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది. చేరేవాళ్లు ఏటేటా తగ్గారు. భవనాలు పాతబడ్డాయి. యూనివర్సిటీ 12 క్యాంపస్‌లను పరిశీలించి, ఏడింటిని మూసేయాలని ఆమె బోర్డుకు సిఫార్సు చేశారు. 2025 మే 22న ట్రస్టీల బోర్డు 25–8 ఓట్లతో ఒప్పుకుంది. 2027 వసంతకాలం సెమిస్టర్ తరవాత అవి మూతపడాలన్నది నిర్ణయం. ఈ ఏడింటిలో ఉన్నది మొత్తం విద్యార్థుల్లో 4 శాతం కంటే తక్కువ. మూసేస్తే ఏటా 5 కోట్ల డాలర్ల వరకు మిగులుతుందని, భవనాల మరమ్మతులకు పెట్టవలసిన 20 కోట్ల డాలర్ల ఖర్చు తప్పుతుందని యూనివర్సిటీ లెక్క వేసింది.

ఆ ఏడింటిలో ఒకటి మాంట్ ఆల్టో. అడవి అంచున పెరిగిన మనకు దాని సంగతి ప్రత్యేకంగా తగులుతుంది. 1903లో అది అటవీ విద్య నేర్పే అకాడమీగా మొదలైంది. నరికేసిన అడవులను తిరిగి పెంచడానికి మనుషుల్ని తయారుచేసిన బడి అది. 1929లో పెన్ స్టేట్‌లో కలిసింది. అలాంటి చోటికి తాళం వేయాలంటే ఆ ఊరివాళ్లకు ఎలా ఉంటుంది?

వాళ్లు ఊరుకోలేదు. కొందరు ట్రస్టీలు, ప్రజాప్రతినిధులు, అధ్యాపకులు గట్టిగా వ్యతిరేకించారు. నిలదొక్కుకోవడానికి ఈ క్యాంపస్‌లకు సరైన అవకాశం ఇవ్వలేదన్నారు. ఇంటి దగ్గర కాలేజీ పోతే దూరం వెళ్లలేని పిల్ల అసలు చదువే మానేస్తుందన్నారు. ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. చర్ల నుంచి భద్రాచలానికి, భద్రాచలం నుంచి ఖమ్మానికి పిల్లను పంపేటప్పుడు ఎన్ని లెక్కలు వేసుకుంటామో మనకు తెలుసు. దగ్గరలో కాలేజీ లేనందుకు టెన్త్‌తో ఆగిపోయిన ఆడపిల్లలు మన ప్రాంతంలో లేరా?

రెండో వైపు కూడా న్యాయం ఉంది. పిల్లలు లేని క్లాసులో లెక్చరర్ ఉండరు, ల్యాబ్ ఉండదు, తోటివాళ్లు ఉండరు. పేరుకు కాలేజీ ఉంటుంది గానీ చదువు ఉండదు. ఆ బరువు లాగడానికి మిగతా క్యాంపస్‌ల పిల్లల ఫీజు ఖర్చవుతుంది. ఆమె వాదన ఇదే. అక్కడ చదువుతున్న పిల్లలు తమ డిగ్రీని ఇంకో క్యాంపస్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ పూర్తి చేసే దారి ఉంటుందని యూనివర్సిటీ చెప్పింది. రెండేళ్ల గడువు పెట్టింది కూడా అందుకే.

ఎవరిది ఒప్పు? ఈ పేజీలో తీర్పు చెప్పం. ఆ ఏడు ఊళ్లలో ఏం జరుగుతుందో రాబోయే సంవత్సరాలు చెబుతాయి. మనం గమనించవలసింది పద్ధతిని. ఏ క్యాంపస్‌లు, ఎప్పుడు, ఏ లెక్క ప్రకారం అన్నది పేర్లతో సహా ముందుగా చెప్పారు. నొచ్చుకునేవాళ్లు ఎదురు మాట్లాడడానికి, ఓటు వేసేవాళ్లు "వద్దు" అనడానికి చోటు ఉంది. ఎనిమిది మంది "వద్దు" అన్నారు కూడా. చెప్పాపెట్టకుండా జూన్‌లో గేటుకు నోటీసు అంటించడానికీ, దీనికీ తేడా ఉంది.

మమ్మల్ని అడగవలసిన ప్రశ్నలు

అడ్మిషన్ సమయంలో ఏ బడికి వెళ్లినా, మా బడికి వచ్చినా, ప్రిన్సిపాల్‌ను ఈ నాలుగు అడగండి.

1. ఈ సబ్జెక్టు చెప్పే టీచర్ మధ్యలో మానేస్తే వారం లోపల ఎవరు ఆ పాఠం అందుకుంటారు?
2. మా పిల్ల వెనకబడితే ఆ సంగతి మాకు ఎప్పుడు, ఎవరు చెబుతారు? యూనిట్ టెస్టు తరవాతా, ఏడాది చివరా?
3. ఫీజు గానీ, సెక్షన్ గానీ, బస్సు రూటు గానీ మారుస్తే ఎన్ని నెలల ముందు చెబుతారు?
4. ర్యాంకు రాని పిల్లలు ఇక్కడి నుంచి వెళ్లి ఏం చదువుతున్నారు?

నాలుగోది అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగండి. జవాబు చెప్పడానికి మేము కొంచెం ఇబ్బంది పడినా ఫర్వాలేదు.

ఇంట్లో పిల్లలతో

ఒక ఆదివారం అరగంట కేటాయించండి. పెన్ స్టేట్ సమస్యను పిల్లలకు కథలా చెప్పి, "నువ్వే అధ్యక్షురాలివైతే ఏం చేస్తావు?" అని అడగండి. ఒకరు మూసేయాలని, ఒకరు ఉంచాలని వాదించాలి. పది నిమిషాల తరవాత పక్షాలు మార్చండి. ఎదుటివారి వాదనను తన నోటితో చెప్పడం నేర్చుకున్న పిల్లకు ఏ గ్రూపు చదివినా అది పనికొస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ వాదనను ఒక పేజీలో రాసి తెలుగు టీచర్‌కు గానీ ఇంగ్లిష్ టీచర్‌కు గానీ ఇస్తే క్లాసులో చదివిస్తాం.

ఆ తరవాత గ్రూపు సంగతి మాట్లాడండి. ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినండి. మీ భయాలను కూడా దాచకండి. ఖర్చు గురించి, దూరం గురించి, ఊళ్లో వాళ్ల మాటల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 192 మంది రోగులు తమ డాక్టరు నుంచి కోరుకున్నది కూడా అదే. పిల్లలు మన దగ్గర కోరుకునేదీ దాదాపు అంతే.

ఆ రోజుల్లో విశాఖలో ఒక ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, తండ్రి దూరదేశంలో. అమ్మాయి ఇంగ్లిష్ బీఏలో చేరుతుంటే "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అని ఎవరైనా అడిగి ఉంటే, ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు ఉండి ఉండదు. ఈ ఏడాది మన ఇళ్లలో అదే ప్రశ్న వస్తే, కాస్త తగ్గిన గొంతుతో అడుగుదాం.